పక్కపక్కన రెండు కాలవలు

ఆ ఏడు కార్తీకంలో ముసురు వదల్లేదు. వాకాడు దిగువన మా ఊరి చేలలో కొత్తగా వేసిన నాట్లు మునిగాయి. ఆ నీరు సముద్రంలో కలిసే మొగకు ఇసుక మేట అడ్డం పడింది. మేట కోయకపోతే నాట్లు కుళ్లిపోతాయి. మేట పక్కనున్న జాలరుల పాలెంలో గుడిసెల్లోకీ నీళ్లొచ్చాయి.

ఇద్దరికీ అవసరమే. కానీ ఊరివాళ్లు పాలెంవాళ్ల చేతి నుంచి ఏదీ నేరుగా అందుకోరు. చేపలు కొన్నా, వడ్లు ఇచ్చినా గంప నేల మీద పెట్టాలి. పెట్టినవాళ్లు వెనక్కి జరిగాక రెండోవాళ్లు ఎత్తుకోవాలి.

ఇరువైపుల పిల్లలకూ చదువు చెప్పేవాణ్ణని, ఎక్కువ చేలున్న పద్మనాభయ్య గారు నన్ను పాలేనికి పంపారు. నా భార్య ప్రమీలమ్మ పోయాక నేను బడికి తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. ఆ రోజు వెళ్లాను.

పాలెం పెద్ద పోలేరయ్య ఒప్పుకున్నాడు. "మేం సముద్రం కాణ్ణించి తవ్వుకొస్తాం. వాళ్లని చేల కాణ్ణించి రమ్మనండి అయ్యవారూ. ఒకే కాలవలో దిగితే మా కంపు వాళ్లకంటుకుంటది గదా!" అని నవ్వాడు.

ఊళ్లో ఆ మాట చెబితే ఎవరూ నవ్వలేదు. అదే మంచిదన్నారు.

మేట మధ్యలో మొగలిపొదలు. ఒకరికొకరు కనబడరు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి పొదలు దాటారు. చూసుకుంటే రెండు కాలవలూ పక్కపక్క నుంచి ఒకదాన్నొకటి దాటిపోయాయి. మధ్య బండి పట్టేంత ఇసుక గట్టు.

పోలేరయ్య భార్య పేరమ్మ తట్ట దించింది. "ఏంది సామీ, పోను ఒకటి, రాను ఒకటా?"

"మీరే వంకరగా తవ్వినారు" అన్నారు పద్మనాభయ్య.

"మాకు దూరంగా జరిగి జరిగి తవ్వినట్టుండారు మీరు!"

ఊరివాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. పద్మనాభయ్య కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

గట్టు తవ్వడం మొదలైంది. ఇసుక పక్కనే పోస్తే మళ్లీ జారుతోంది. తట్టలు చేతులు మార్చుకుంటూ దూరంగా పోయాలి. వరుస కట్టారు. ఊరివాళ్ల చివర, పాలెంవాళ్ల మొదట, కాస్త ఖాళీ మిగిలింది. అక్కడ తట్ట నేల మీద పెట్టి ఎత్తేలోగా కాలవ పూడుతోంది.

నేను ఆ ఖాళీలో నిలబడ్డాను. పద్మనాభయ్య నాకిచ్చేవారు, నేను పేరమ్మకిచ్చేవాణ్ణి. సుద్దముక్క పట్టే చేతులు, త్వరలోనే బొబ్బలెక్కాయి.

పేరమ్మ చూసింది. "పక్కకి జరగండి అయ్యవారూ. ప్రమీలమ్మ ఉండుంటే మమ్మల్ని తిట్టిపోసుండేది."

పక్కకు జరిగాను.

పద్మనాభయ్య తట్టతో ఆగిపోయారు. నేల వైపు చూశారు. వెనక మనిషి ఇంకో తట్ట చాపి, "కానీండి, జారిపోతా ఉంది" అన్నాడు. ఆయన తట్టను పేరమ్మ చేతుల్లో పెట్టారు.

"బరువుంది, చూసుకో."

"మా వల కంటేనా సామీ?"

పొద్దు వాలేసరికి నీరు దారి పట్టింది. కాలవ ఒరుసుకుని వెడల్పవుతుంటే అందరూ దొరికిన గట్టే ఎక్కారు. ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకోలేదు. ఇంటికి వెళ్లి, బొబ్బలకు రాసుకుందామని ఆముదం సీసా కోసం వెతికాను. ప్రమీలమ్మ ఎక్కడ పెట్టేదో నాకు తెలియదు. చివరికి దొరికింది.

నాట్లు దక్కాయి. గంపలు మాత్రం ఇప్పటికీ నేల మీదే పెడుతున్నారు.

పై ఏడు మళ్లీ మేట వేసింది. నన్నెవరూ పిలవలేదు. బడి వదిలాక వెళ్లి చూశాను. ఒకటే కాలవ, ఒకటే వరుస. నేను నిలబడడానికి ఖాళీ లేదు. గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాను.