పేరు లేని వంతు

నడిమివంక పొంగి అనంతపురంలో ఇళ్ళు మునిగిన మరుసటి ఏడు మా ముదిగుబ్బ వైపు సరిగా చినుకు పడలేదు. మా గుంపు రైతులం బోర్లు కలుపుకొని వంతుల ప్రకారం నీళ్ళు పెట్టుకునేవాళ్ళం. ఆ వంతులు ఫోన్లలోకి ఎక్కేవి. దాన్ని బ్లాక్‌చైన్ అంటారని సంఘం పని చూసే భారతి చెప్పింది. అందరి ఫోన్లలోనూ ఒకే లెక్క. ఒకరు దిద్దితే కుదరదు. కావాలంటే మన వంతు ఇంకొకరికి పంపొచ్చు, కానీ ఎవరి వంతు ఎవరికి పోయిందో ఆ పేర్లకు తాళం వేసి ఉంటుంది. ఇచ్చినదీ అందినదీ సరిపోయిందా అన్నది మాత్రం తాళం తీయకుండానే ఎవరైనా చూసుకోవచ్చు.

నా తమ్ముడు ఓబుళేసుకూ నాకూ గట్టు తగాదాతో మాటలు లేవు. వాడి చీనీ చెట్లు, అదే బత్తాయి తోట, ఎండుతుంటే చూడలేక నా వంతులు వాడికి పంపాను. నా వేరుశనగ పోతే వచ్చే ఏడు మళ్ళీ విత్తుకుంటాను. చెట్లు అట్లా కాదు. వాడి ఫోన్లో నీళ్ళు అందినట్టు కనిపిస్తుంది, పేరు కనిపించదు.

పచ్చగా ఉన్న ఆ చెట్లు చూసి మా గుంపులోని మద్దిలేటి సంఘాన్ని కూర్చోబెట్టాడు. దొంగనీళ్ళని తేలితే ఓబుళేసు పైపు తీసేయాలన్నాడు.

“ఏమప్పా ఓబుళేసూ, అందరి చెట్లూ ముడుచుకున్నాయి. నీవి మాత్రం నవ్వతాండాయే?”

ఎవరో ఇస్తున్నారని, ఎవరో తనకూ తెలియదని వాడు చెప్పాడు. ఎవరి ఫోన్లో వాళ్ళే సరిచూసుకోమంది భారతి. లెక్క సరిపోయింది, మద్దిలేటి ఫోన్లో కూడా. అయినా పేరు కావాలన్నాడు. అది తన చేతిలో లేదని, ఇచ్చినవాళ్ళే తాళం తీయాలని ఆమె చెప్పింది.

“తీయొద్దు,” అన్నాడు ఓబుళేసు నేల చూస్తూ. “పేరు తెలిస్తే ఆ నీళ్ళు నేను పెట్టుకోలేను. చెట్లు సచ్చిపోతాయి.”

పైపు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను ఫోను జేబులో పెట్టుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు భారతి నాతో నడిచింది. నా చేను దగ్గర ఆగింది. సాళ్ళన్నీ నెర్రెలిచ్చి ఉన్నాయి.

“తాతా, ఫోను దాస్తాది గానీ నీ చేను దాయదే,” అంది మెల్లగా. “ఇన్నాళ్ళూ ఓబుళేసు తాత చూసిండడు. రేపట్నుంచి ఎవరిచ్చినారో అని అందరి చేలూ చూస్తాడు.”

మరునాడు తెల్లవారుతూనే ఇంటి తొట్టిలోని నీళ్ళు బిందెలతో మోసి, దారిలోంచి కనబడే సాళ్ళు మాత్రం తడిపాను. ఓబుళేసు అటు వచ్చే వేళకు ఆ తడిలో కూర్చుని కలుపు తీస్తున్నాను.