పంపు చుట్టూ కట్టిన గూడు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళం అమ్మ, నాన్న, నానమ్మ, జలుబని బడి మానేసిన నేను, పదకొండింటికి వచ్చిన మెకానిక్ వాల్దెమార్ గారు. అమ్మ వంటింట్లో బంగాళదుంపలు తురుముతోంది. తలుపు తీసిన ఆమెను చూసి ఆయన, "ఇంటాయన ఉన్నారా అమ్మా?" అన్నారు. పోయిన వారం కూడా అలాగే అడిగారు. నాన్న లేడని తెలిసి, ఉన్నప్పుడు ఫోన్ చేయమని చెప్పి వెళ్ళిపోయారు. ఆ వారమంతా మేం స్వెట్టర్లు వేసుకుని పడుకున్నాం. అమ్మ చేతులు తుడుచుకుని నాన్నని పిలిచింది.

బయటి గాలిలోంచి వేడి లాగి ఇంటిని వెచ్చబెట్టే ఈ హీట్ పంపు మా ఇంటికొచ్చి రెండేళ్ళయింది. అంతకుముందు నేలమాళిగలో బొగ్గు పొయ్యి ఉండేది. ఇప్పుడూ ఉంది, వెలిగించడం లేదంతే. చలికాలమంతా అమ్మ నాలుగింటికి లేచి బూడిద తీసి, బొగ్గు ఎత్తిపోసి, మంట అందుకున్నాక పైకి వచ్చి రొట్టెలు కోసేది. మేం లేచేసరికి ఇల్లు వెచ్చగా ఉండేది. ఇల్లు దానంతటదే వెచ్చబడుతుందని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. పంపు వచ్చాక అమ్మ దగ్గు తగ్గింది. గోళ్ళలో నలుపు పోయింది. ఒకసారి బల్ల కింద తన చేతుల్ని తనే చూసుకోవడం నాకు కనిపించింది.

ఈ చలికాలం పంపు మొరాయించింది. గదుల్లో గొట్టాలు గోరువెచ్చగా ఉండేవి, కాసేపటికి అవీ చల్లారేవి, నేలమాళిగలో ఉన్న పంపు తెర మీద ఎర్ర అంకెలు వచ్చేవి. అమ్మ ఒక పాత లెక్కల నోటుపుస్తకం తీసి, ఎప్పుడు ఆగింది, బయట ఎంత చలి, ఏ అంకె వచ్చింది అని రాయడం మొదలుపెట్టింది. నాలుగు వారాలు రాసింది.

మా ఊళ్ళో చలికాలం వస్తే దేన్నీ బయట ఒంటరిగా వదలరు. గులాబీ మొక్కలకి గడ్డి చుడతారు, బావి కుళాయికి పాత గొర్రెతోలు కడతారు. అందుకే నాన్న కూడా ఈ ఏడు చలి మొదలవగానే, పాపం గాలికి నిలబడి ఉందని, బయట ఉన్న పంపు చుట్టూ చెక్కతో గూడు కట్టాడు. మూడు ఆదివారాలు కూర్చుని దాని అంచుకి మా కిటికీల మీద ఉన్నట్టే లతలు చెక్కాడు. చూసి ముచ్చటపడి వీధిలో ఇంకో మూడిళ్ళవాళ్ళు కట్టించుకున్నారు.

అమ్మ వంటింటి థర్మామీటరు తీసుకెళ్ళి ఆ గూట్లో వేలాడదీసింది. పెరట్లో కన్నా గూట్లో తొమ్మిది డిగ్రీలు ఎక్కువ చలి. పంపు తాను వదిలిన చల్లగాలినే మళ్ళీ పీల్చుకుని గడ్డకడుతోందని నాకు చెప్పింది. నాన్నకి రెండుసార్లు చెప్పింది. మొదటిసారి నాన్న నవ్వి, చలిలో నిలబెట్టినదానికి చలి వెయ్యదా అన్నాడు. రెండోసారి, బల్బు మార్చడం రానిదానివి నువ్వు నాకు చెబుతావా అన్నాడు. మరి నువ్వెందుకు గట్టిగా చెప్పవని నేను అడిగితే, "ఎంత ఇష్టంగా చెక్కాడే, మనసు నొచ్చుకుంటాడు" అంది.

వాల్దెమార్ గారు బయటికి వెళ్ళనే లేదు. నేలమాళిగలో తెర మీద అంకెలు చూసి, బయటదంతా బాగుందని నాన్న చెప్తే విని, కంప్రెసర్ పోయిందన్నారు. కొత్తది రావడానికి ఆరు వారాలు పడుతుందట.

"పాత పొయ్యి ఉందిగా," అన్నాడు నాన్న. "పద్దెనిమిదేళ్ళు పనిచేసింది. ఒక్కరోజు మొరాయించలేదు."

"ఆ పాతవే నయం సార్," అని వాల్దెమార్ గారు నవ్వారు.

అమ్మ కాఫీ, గసగసాల కేకు పళ్ళెంలో పెట్టుకుని మెట్లు దిగుతోంది. వెనకాల నేను. ఎప్పటిలాగే కప్పులు అందించి పైకి వెళ్ళిపోతుందనుకున్నాను. పళ్ళేన్ని బొగ్గు పెట్టె మీద పెట్టింది.

"మొరాయించనిది అది కాదు జెనోన్, నేను."

గొంతు పెంచలేదు. నాన్న పొయ్యి వైపు చూశాడు, అమ్మ వైపు చూడలేదు. మెట్ల మీద నానమ్మ ఉందని నాకప్పుడే తెలిసింది. పంపుని కరెంటు ఐసుపెట్టె అని రెండేళ్ళుగా వెక్కిరించే మా నానమ్మ, "ఇది కోడలై రాకముందు నేనురా," అంది కొడుకుతో.

అమ్మ నాన్న అరలోంచి స్క్రూలు విప్పే మిషను తీసుకుని బయటికి నడిచింది. ఎవర్నీ అడగలేదు. గూడు ముందు చెక్క ఊడదీసి మంచులో పెట్టింది. లోపల పంపు రెక్కల నిండా తెల్లటి మంచుగడ్డ. వాల్దెమార్ గారు జేబుల్లోంచి చేతులు బయటికి తీశారు. తర్వాత ఆయన పెట్టెలోంచి ఆవిరి మిషను తెచ్చి ఆ గడ్డంతా కరిగించి పంపు ఆన్ చేశారు. గంట గడిచాక గొట్టం మీద చెయ్యి పెట్టి, కాలినట్టు వెనక్కి లాగేశారు.

"కంప్రెసర్ బాగానే ఉంది. మీరిది ఎలా కనిపెట్టారమ్మా?"

అమ్మ నోటుపుస్తకం ఇచ్చింది. ఆయన నిలబడే ఒక్కో పేజీ చదివారు. ఈలోగా నాన్న మిగతా చెక్కల్ని తనే విప్పాడు, లతలు విరగకుండా, నెమ్మదిగా. చెవులు ఎర్రగా ఉన్నాయి. అది చలికి కాదు. అంచు చెక్కని షెడ్డు వైపు తీసుకుపోతుంటే అమ్మ ఆపి, అది పారెయ్యొద్దు, వంటింటి అల్మారాకి కొట్టుకుందాం అంది. నాన్న తలూపాడు.

మెకానిక్ వెళ్ళేసరికి తురిమిన బంగాళదుంపలు నల్లబడ్డాయి. నానమ్మ వంటింటి పొయ్యి దగ్గర నిలబడి వాటితోనే అట్లు తనే పోస్తోంది, అమ్మని దగ్గరికి రానివ్వలేదు. అమ్మ నాన్నతో, ఆ బొగ్గు పొయ్యిని శనివారం తీయించెయ్ అంది. తీయిస్తానన్నాడు.

తర్వాత అమ్మ ఏప్రన్ విప్పి పడకగదిలోకి వెళ్ళింది. అప్పుడు మధ్యాహ్నం రెండు. పగలు అమ్మ పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. భయమేసి వెనకాలే వెళ్ళాను.

"ఒంట్లో బాలేదా అమ్మా?"

"బానే ఉంది నెల్కా. నిద్రొస్తోంది."

"మళ్ళీ ఆగిపోతే?"

"మీ నాన్న చూస్తాడు," అంది, నవ్వింది, నా ముక్కు మీద వేలితో తట్టి, నా మొహం మీదే తలుపేసుకుంది.