తార చెప్పని షరతు

దుబాయికి పోయినోళ్ల భార్యలను కూర్చోబెట్టి మాట్లాడించడానికి తార వారం వారం కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సులో వచ్చేది. మొదటి రోజే తలుపు దగ్గరికేసి అందరిచేతా ఒప్పించింది: "ఇక్కడన్న మాట ఇక్కడ్నే ఉండాలె. ఒకరు చెప్తుంటే ఇంకొకరు అడ్డం రావద్దు." అందరికంటే పెద్దది, బీడీలు చుట్టే గౌరవ్వ, "గడప దాటది బిడ్డా" అని ఒట్టు పెట్టింది.

అన్ని వారాలూ తల వంచుకుని కూర్చున్న సఫూరా ఒకనాడు నోరు విప్పింది. పెనిమిటి వహీద్ దగ్గర్నుంచి కబురు లేదు, అత్తింట్లో రోజూ నిందలే.

"పొలం మందు డబ్బా దాచిపెట్టుకున్న అక్కా. ఇంక బతకబుద్ధి అయితలేదు. మీరెవరికీ చెప్పరు గదా, గందుకే చెప్తున్న."

ప్రాణం మీదికొస్తే మాత్రం దాచనని తార మొదటి రోజే చెప్పాల్సింది. ఆ మాటంటే ఎవరూ మనసు విప్పరేమోనని జంకి ఊరుకుంది.

"సఫూరా, గిది నేను దాచలేను."

సఫూరా దిగ్గున లేచింది. "మాటిచ్చినవ్ గదా! మా అత్తకు తెలిస్తే ఇంట్ల ఉండనిస్తదా?"

"గట్లయితే రేపు మా ముచ్చట్లు గూడ చెప్తవా?" గౌరవ్వ గొంతు కరుకుగా వచ్చింది.

సఫూరా చెయ్యి తలుపు గడియ మీద పడింది. పట్టుకుని ఆపాలని తార ప్రాణం కొట్టుకుంది కానీ కదల్లేదు.

"నిన్ను పట్టుకోను. కానీ నీ ఎనకనే వస్త. ముందుగాల చెప్పకపోవుడు నా తప్పే. మీ అత్తకైతే చెప్పను. నీ వాళ్లల్ల ఎవరికి చెప్పాల్నో నువ్వే చెప్పు. చెప్పకుండ మాత్రం ఉండలేను."

సఫూరా గడియ మీంచి చెయ్యి తీసింది.

"మా అమ్మీకి," అంది సఫూరా చివరికి. "నాగిరెడ్డిపేటల ఉంటది."

గౌరవ్వ కొంగు బిగించి లేచింది. సఫూరా వెంట ఇంటికి పోయి ఆ డబ్బా తీయించి తన దగ్గర పెట్టుకుంది. తార, సఫూరా బస్సెక్కారు.

తల్లి సాబేరా అంతా విని బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. కాసేపటికి తారను అడిగింది: "గిది బయటికి పోతదా?"

పోదు అనబోయి తార ఆగింది. "పోవద్దని అందరినీ మళ్లా అడుగుత అవ్వా. నా నోట్లెకెళ్లి మాత్రం పోదు."

తర్వాతి వారం ఇద్దరు రావడం మానేశారు. ఉన్నవాళ్లకు తార షరతులన్నీ మొదటినుంచి చెప్పింది, ప్రాణం మీదికొస్తే దాచలేనని ఈసారి ముందే చెప్పింది. పుట్టింట్లో కొన్నాళ్లుండి వచ్చిన సఫూరా ఒకనాడు తలుపు తోసుకుని లోపలికొచ్చింది. తార పక్కన కాకుండా గౌరవ్వ పక్కన కూర్చుంది.

"నేను ఇయాల ఏం మాట్లాడ," అంది. "ఉట్టిగ కూసుంట."

"కూసో," అంది తార.