రంగు దిగిన జెర్సీలు

అంగట్లో కొన్న జెర్సీలేస్తే నలుగురూ నవ్వరూ? మాది ధర్మవరం నేతగాళ్ల ఫుట్‌బాల్ క్లబ్బు! 1961లో హిందూపురం ఫైనల్‌కి మిగులు పట్టుతో జెర్సీలు మేమే నేశాం. అద్దకం మా గోల్‌కీపర్ కుళ్ళాయప్పది. తొందరలో ఒక్కసారైనా నీళ్ళలో జాడించి చూడలేదు.

రెండో సగంలో వాన పడింది. ఎర్రరంగు మా తొడల మీదుగా కారింది. నెత్తురనుకుని రిఫరీ ఆట ఆపేశాడు. తర్వాత నిజం తెలిసి మైదానమంతా గొల్లున నవ్వింది.

రెండు గోల్స్‌తో గెలిచాం. కప్పు అందుకుంటుంటే, ఏటా మా చీరలు కొనే షావుకారు దగ్గరికొచ్చాడు. మొహంలో నవ్వు లేదు.

"ఏమప్పా, రేపు నా కూతురు పీటల మీద కట్టుకునేదీ మీ చీరే. అదీ ఇట్లే కారుతుందా?"

కుళ్ళాయప్ప ఎర్రటి చేతులు వెనక్కి దాచుకున్నాడు.

చీరల పేరు పోతుందన్న భయంతో క్లబ్బు మళ్ళీ ఆడలేదు.