చౌక్‌లో నిలబెట్టిన ఫైరింజను

సాలొమోను చనిపోయిన పద్నాలుగు నెలలకు అతని భార్య దయావతికి ఓంవీర్ ఫోన్ చేశాడు. ఓంవీర్ సాలొమోను పనిచేసిన ఫైర్ స్టేషన్లో ఫైర్‌మన్. ఆ రోజు మంటల్లోకి వెళ్లి ప్రాణాలతో బయటపడింది అతనొక్కడే.

"భాభీ, మన బండిని తుక్కుకి పంపేస్తున్నారు," అన్నాడు హిందీలో. "పదిహేనేళ్లు నిండాయట. సోమవారం లారీ వస్తుంది. చూడాలనుకుంటే ఈలోగానే రండి."

దయావతి ఫరీదాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఊరు పాలకొల్లు. సాలొమోనుది నర్సాపురం. అతను పదిహేడేళ్లు మిలిటరీలో ట్రక్కు నడిపి, బయటికొచ్చాక ఢిల్లీ పొలిమేర దాటితే వచ్చే ఒక పారిశ్రామికవాడ ఫైర్ స్టేషన్లో డ్రైవరుగా చేరాడు. కాంట్రాక్టు ఉద్యోగం. పర్మినెంటు చేస్తామని ఏటా చెప్పేవారు. ఏటా నమ్మేవాడు.

ఉదయం డ్యూటీ ముగించుకుని, యూనిఫారం మార్చకుండానే ఆమె బస్సెక్కింది.

స్టేషన్ వెనక పెరట్లో, వేపచెట్టు కింద ఉంది ఫైరింజను. ఎర్ర రంగు ఎండకి వెలిసి ఇటుక రంగుకి తిరిగింది. ఒక పక్కంతా నల్లటి మసి అలాగే ఉంది. ఎవరూ కడగలేదు. ఓంవీర్ తలుపు తీసి పట్టుకుంటే ఆమె డ్రైవరు సీటులోకి ఎక్కి కూర్చుంది. కాళ్లు పెడల్స్‌కి అందలేదు. సాలొమోను బాగా పొడగరి, సీటు వెనక్కి జరిపి ఉంది. చిరిగిన రెగ్జిన్‌ని అతనే ఎప్పుడో గోనెసంచి దారంతో కుట్టుకున్నాడు. ఆ కుట్ల మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. దిగాక ఓంవీర్‌ని అడిగింది.

"ఏం జరిగిందో ఇంకోసారి చెప్పు భయ్యా."

ఓంవీర్ చెప్పాడు. మే నెల, పొద్దున పదకొండు గంటలు. చెప్పుల సోల్స్ తయారుచేసే ఫ్యాక్టరీ. ఓంవీర్, రాంఫల్, దేవేందర్ పైపు పట్టుకుని రెండో అంతస్తుకి వెళ్లారు. సాలొమోను కింద పంపు దగ్గర నిలబడ్డాడు. ట్యాంకులో నీళ్లు కొన్ని నిమిషాలకే అయిపోయాయి. వీధి కొళాయికి పైపు తగిలిస్తే గాలి వచ్చింది తప్ప చుక్క నీరు రాలేదు. రెండో ఫైరింజను రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. ఓంవీర్ ఒక కార్మికుణ్ణి భుజాన వేసుకుని కిందికొచ్చాడు. మిగతా ఇద్దరూ రాలేదు.

"వాళ్లింకా పైనే ఉన్నారని చెప్పాను. అన్న ఇక ఆగలేదు భాభీ. తువ్వాలు తడుపుకుని మొహానికి చుట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. కాసేపటికి స్లాబు కూలింది."

ఆ మాట ఆమె అంతకుముందూ విన్నదే. అయినా ఆ బండి పక్కన నిలబడి వినడం వేరుగా ఉంది.

"దీన్ని తుక్కు చెయ్యకూడదు," అంది. "పాత ట్యాంకుల్నీ విమానాల్నీ చౌరస్తాల్లో పెడతారు కదా. దీన్నెందుకు పెట్టకూడదు?"

సోమవారం లారీతో పాటు క్రేను కూడా వచ్చింది. దయావతి, ఓంవీర్ గేటు దగ్గర స్టేషన్ అధికారిని బతిమాలుతుంటే, రాంఫల్ భార్య కమ్లేష్ నేరుగా వెళ్లి ఫైరింజను ముందు చక్రానికి ఆనుకుని నేలమీద కూర్చుంది. హర్యానా పల్లెటూరి మనిషి. తలమీది కొంగు ముక్కు దాకా లాక్కుని మాట్లాడుతుంది కానీ గొంతు మాత్రం వీధి చివరి దాకా వినిపిస్తుంది.

"నా మొగుడి చొక్కా గుడ్డముక్క కూడా నాకు దొరకలేదు. ఈ ఇనుమే మిగిలింది. ఎత్తుకుపోండి చూద్దాం!"

లారీ డ్రైవరు బీడీ పారేసి, "ఆడవాళ్ల ఉసురు నాకొద్దు," అని బండి వెనక్కి తిప్పేశాడు.

అప్పటి నుంచి ఎనిమిది నెలలు ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఆఫీసుల చుట్టూ తిరిగారు. అర్జీ రాసిచ్చింది గోవిందరాజులు గారు. సెక్రటేరియట్‌లో రిటైరైన తెలుగాయన, మోకాలి ఆపరేషన్‌కి దయావతి వార్డులో చేరాడు. మంచం మీదే పడుకుని మూడు పేజీల ఇంగ్లీషులో రాశాడు.

"మూడు పేర్లూ రాశానమ్మా, తేదీతో సహా. ఇక నువ్వు తిరగాలి. ఫైలు చంటిపిల్ల లాంటిది. రోజూ వెళ్లి పలకరించకపోతే పడుకునే ఉంటుంది."

దయావతి సెలవులన్నీ దానికే అయిపోయాయి. కమ్లేష్ పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చి మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఎదురుచూసేది. ఎస్కలేటరంటే ఆమెకు భయం, దయావతి చెయ్యి గట్టిగా పట్టుకుని ఎక్కేది. ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసుకి పంపేవారు. ఆ ఆఫీసులో సాహెబు మీటింగులో ఉండేవాడు. బల్లమీద పక్కపక్కన కూర్చుని రొట్టెలూ, దయావతి తెచ్చిన పులిహోరా పంచుకుని తినేవారు. మొగుళ్ల గురించి మాట్లాడుకునేవారు. రాంఫల్‌కి బాగా గురకట. సాలొమోనుకి ఉత్తరాదిలో అన్నేళ్లున్నా రొట్టె గుండ్రంగా చెయ్యడం రాలేదు. ఆ ఇద్దరూ బతికుండగా ఈ ఇద్దరు ఆడవాళ్లూ ఒక్కసారైనా కలుసుకోలేదు.

మార్చిలో ఉన్నట్టుండి ఫైలు కదిలింది. ఏప్రిల్ పధ్నాలుగున అగ్నిమాపక దినం, ఆ రోజు మంత్రిగారొకరు వస్తున్నారు, ప్రారంభించడానికి ఏదో ఒకటి కావాలి. చౌక్‌లో దిమ్మ కట్టించారు. ఫైరింజనుని క్రేనుతో ఎత్తి దానిమీద నిలబెట్టారు. దయావతి జీతం పోయినా రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లి, కమ్లేష్‌తోనూ ఓంవీర్‌తోనూ కలిసి దాన్ని కడిగింది. మసి వదల్లేదు. బట్టల సోడాతో రుద్దితే చేతులు పొక్కాయి. తర్వాత పెయింటర్లు వచ్చి ఆ మసి మీదే మూడు కోటింగులు ఎర్ర రంగు వేసేశారు.

పన్నెండో తారీఖున శిలాఫలకం వచ్చింది. ఓంవీర్ ఫోన్ చేసి, "భాభీ, ఒకసారి రండి," అన్నాడు.

నల్ల గ్రానైటు మీద తెల్లటి అక్షరాలు. మంత్రిగారి పేరు పెద్దగా ఉంది. దాని కింద అమరులైన అగ్నిమాపక సిబ్బంది అని ఉంది. దాని కింద రాంఫల్, దేవేందర్. అంతే.

దయావతి పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. వెనకవైపు ఏమైనా ఉందేమోనని చుట్టూ తిరిగి కూడా చూసింది. తర్వాత ఆటో ఎక్కి అగ్నిమాపక శాఖ ఆఫీసులో అధికారి దగ్గరికి వెళ్లింది.

అతను చెడ్డవాడేమీ కాదు. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించాడు.

"అర్జీలో మూడు పేర్లున్నాయి సార్. రాయి మీద రెండే వచ్చాయి," అంది.

"బెహన్‌జీ, సాలొమోను మా ఉద్యోగి కాదు. కాంట్రాక్టరు పంపిన మనిషి. అమరవీరుల జాబితాలో శాఖ సిబ్బంది పేర్లే ఎక్కుతాయి."

"ఆ బండి నడిపింది ఆయనే కదా సార్?"

అధికారి బల్లమీది ఫైలు తిప్పాడు. "అదొక్కటే కాదు. విచారణ రిపోర్టు ఉంది. డ్రైవరు పంపు దగ్గరే ఉండాలి. ఆర్డరు లేకుండా పంపు వదిలేసి లోపలికి వెళ్లాడని రాశారు."

"ట్యాంకులో నీళ్లు అయిపోయాయి సార్. ఖాళీ పంపు దగ్గర నిలబడి ఏం చేస్తారు?"

అతను ఫైలు మూశాడు. "మీరు చెప్పేది నేను నమ్ముతున్నాను. కానీ ఆ రిపోర్టు మూసేశారు. ఇప్పుడు తెరవమంటే ఎల్లుండి కార్యక్రమం ఆగిపోతుంది. ఒకసారి ఆగితే ఆ బండిని మళ్లీ ఎవరూ పట్టించుకోరు. నేరుగా తుక్కుకే పోతుంది. ఆ ఇద్దరి పేర్లూ పోతాయి. మీ ఇష్టం."

ఆమె లేచి నమస్కారం పెట్టి బయటికొచ్చింది. ఓంవీర్ చెబితే వెనకే వచ్చిన కమ్లేష్ వరండాలో నిలబడి ఉంది. అంతా విన్నది.

"సుత్తి తెస్తా. ఆ రాయి పగలగొడతా. ఎల్లుండి నేను రాను, నా పిల్లలూ రారు."

"నువ్వు రావాలి," అంది దయావతి. "నీ పిల్లలు వాళ్ల నాన్న పేరు చూసుకోవాలి. దేవేందర్ వాళ్లమ్మ మంచం పట్టి ఉంది, ఈ రోజు కోసమే బతికి ఉన్నానంటోంది. ఇప్పుడు నేను గొడవ చేస్తే ఎవరికి నష్టం?"

"మరి నీకో?"

తను చేస్తున్నది మంచితనమో పిరికితనమో దయావతికే తెలియలేదు. ఆ సంగతి ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించింది. ఎప్పటికీ తేలలేదు.

ఇంట్లో కూతురు జెనీఫర్ ఒప్పుకోలేదు. ఇంటర్ చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు హిందీలోనే చెబుతుంది.

"పాపా కా నామ్ హీ నహీ హై, తో హమ్ క్యోం జాయే?" నాన్న పేరే లేనప్పుడు మనమెందుకు వెళ్లాలని.

"పేరు లేకపోతేనేం, మీ నాన్న బండి కదే. ఒక్కసారి రామ్మా."

"ఆప్ చుప్ క్యోం హో, మమ్మీ? ఎందుకు నోరు మూసుకున్నారు?" అంది జెనీఫర్. చివరి మాట తెలుగులో అంది. అంత కోపంలో తప్ప ఆ పిల్ల తెలుగు మాట్లాడదు. గది తలుపు వేసుకుంది. పధ్నాలుగున రాలేదు.

దయావతి చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుని ఒక్కతే వెళ్లింది. తాడు కట్టిన చోట, జనం మధ్య నిలబడింది. బ్యాండు వాయించారు. మంత్రిగారు తెర తీశారు. రెండు కుటుంబాలనీ వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పారు. కమ్లేష్‌ని రెండు మాటలు చెప్పమన్నారు. ముందురోజంతా ఆమె మూడు పేర్లూ నేర్చుకుంది. సాలొమోను పేరు ఆమెకు నోరు తిరగదు, దయావతి ఎన్నోసార్లు చెప్పించింది. మైకు ముందు నిలబడి రాంఫల్ అంది, దేవేందర్ అంది. అక్కడ ఏడుపొచ్చి ఆగిపోయింది. మళ్లీ నోరు తెరిచేలోపు ప్రోగ్రాం చదివే ఆయన ధన్యవాదాలు చెప్పి మైకు తీసేసుకున్నాడు. కమ్లేష్ మెట్లు దిగుతూ జనంలో దయావతి కోసం వెతికింది. కనిపించగానే రెండు చేతులూ జోడించింది, తప్పు చేసినదానిలా.

మర్నాడు ఓంవీర్ చిన్న డబ్బా తెల్లరంగు కొని, ఫైరింజను డ్రైవరు తలుపు మీద హిందీలో రాశాడు: సాలొమోను, డ్రైవర్. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఫోటో తీసి దయావతికి పంపాడు. జెనీఫర్ ఆ ఫోటోని తన ఫోన్లోకి పంపించుకుంది. పదో రోజున ఎవరో దానిమీద ఎర్రరంగు కొట్టేశారు. ఆ నెలలోనే ఓంవీర్‌ని రెండు గంటల దూరంలో ఉన్న ఇంకో స్టేషన్‌కి మార్చారు. మార్చడానికి కారణం కాగితం మీద రాయలేదు.

ప్రతి నెలా మొదటి ఆదివారం, చర్చి అయ్యాక దయావతి చౌక్‌కి వెళ్లేది. కమ్లేష్ స్టీలు క్యానులో మజ్జిగ తెచ్చేది. దిమ్మ మెట్టు మీద కూర్చుని తాగేవారు. ట్రాఫిక్ హోరులో ఒకరి మాట ఒకరికి సగమే వినిపించేది. అయినా ఆ గంట కోసం నెలంతా ఎదురుచూసేవారు.

జూన్‌లో అద్దాలు పోయాయి. వర్షాలు వచ్చేసరికి ఇత్తడి బిగింపులన్నీ ఎవరో విప్పుకుపోయారు. దసరా నాటికి చక్రాలు కూడా లేవు, బండి ఇటుకల మీద కూర్చుంది. ఢిల్లీ ముఖర్జీ నగర్ కోచింగ్ సెంటర్ల పోస్టర్లు తలుపుల మీదా, శిలాఫలకం మీదా అంటించారు. మొదట్లో దయావతి సీసాలో నీళ్లు తెచ్చి, తడిపి, గోళ్లతో గీకి పీకేది. రాంఫల్ పేరు మీదదీ, దేవేందర్ పేరు మీదదీ. నవంబర్లో పొగమంచుకి దగ్గు పట్టుకుని ఒక నెల మానేసింది. డిసెంబర్లో వెళ్లేసరికి పోస్టర్ల మీద పోస్టర్లున్నాయి. సీసా సంచిలోంచి తియ్యలేదు. కమ్లేష్ కూడా అడగలేదు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం బస్సు దిగేసరికి చౌక్ లేదు. రేకులతో కంచె కట్టి ఉంది. లోపల జేసీబీ తవ్వుతోంది. ఫ్లైఓవర్ వస్తోందని రేకుల మీద బొమ్మ వేసి ఉంది, బొమ్మలో పచ్చటి చెట్లున్నాయి. కమ్లేష్ అప్పటికే వచ్చి కంచె సందులోంచి లోపలికి చూస్తోంది.

జేసీబీ నడిపే అతన్ని కేకేసి అడిగారు.

"ఫైరింజనా? నేనొచ్చి నాలుగు రోజులే అయింది దీదీ. అప్పటికి ఇక్కడ గొయ్యే ఉంది."

"రాయి ఉండేది. నల్ల రాయి, పేర్లున్నది," అంది కమ్లేష్.

"రాళ్లన్నీ లారీల్లో పోయాయి. ఎక్కడికో నాకు తెలీదు."

దయావతి అధికారికి ఫోన్ చేసింది. ఆ నంబరు ఇప్పుడు వేరే ఆయన దగ్గరుంది. ఆ పాత బండికి గడువు ఎప్పుడో దాటిందనీ, తుక్కు సర్టిఫికెట్ వచ్చేసిందనీ, ఇంకేమైనా కావాలంటే రాసి ఇమ్మనీ మర్యాదగానే చెప్పాడు.

ఇద్దరూ రోడ్డు దాటి బస్ స్టాప్‌లో నిలబడ్డారు. కమ్లేష్ మజ్జిగ క్యాను మూత తీసి, దుమ్ము పడుతుంటే మళ్లీ పెట్టేసింది. దయావతికి మధ్యాహ్నం డ్యూటీ ఉంది.

"మళ్లీ అర్జీ పెడదామా?" అంది కమ్లేష్.

"దేనికని పెడతాం?"

కమ్లేష్ కొంగు సర్దుకుంది. "మరి మనమిక ఎక్కడ కలుద్దాం?" అంది.

దయావతి చెప్పాలని చూసింది. మా ఇంటికి రా అనాలనుకుంది. రెండు బస్సులు మారాలి, ఒక మెట్రో ఎక్కాలి, కమ్లేష్ ఒంటరిగా రాలేదు. మీ ఊరొస్తాను అనాలనుకుంది. వెళ్లగలిగే సెలవు ఆమె దగ్గర ఒక్కరోజు కూడా మిగల్లేదు. ఫరీదాబాద్ బస్సు వచ్చింది. కండక్టరు తొందరపెడుతుంటే కమ్లేష్ చెయ్యి వదిలి ఎక్కింది. కిటికీ వైపు సీటు దొరకలేదు.