గజనీ మీనార్ ఎవరిది?

అఫ్గానిస్తాన్‌లోని గజనీ విజయస్తంభం కిరీటిది. అంటే, పన్నెండో శతాబ్దం మొదట్లో కట్టించింది మూడో మసూద్ సుల్తానే గానీ, టొరంటో కాలేజీలో ఆర్కిటెక్చర్ క్లాసు మొత్తానికీ దాని గురించి ఊదరగొట్టింది మాత్రం కిరీటే. చతురస్రం మీద ఇంకో చతురస్రాన్ని కాస్త తిప్పి పెట్టినట్టు ఎనిమిది మొనల నక్షత్రంలా కింది భాగం, దాని మీద గుండ్రంగా పై భాగం, ఇటుకల్లోనే అల్లేసిన అక్షరాలు! ఆ పై భాగం 1902 భూకంపంలో కూలిపోయిందనీ, అసలు దాన్ని విజయానికి గుర్తుగా కట్టారా, మసీదు కోసం కట్టారా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారనీ రోజూ కాలేజీకి వెళ్ళే మిల్టన్ రైల్లో క్లాస్‌మేట్ చరితకు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది కూడా అతనే.

అలాంటిది, సెమిస్టర్ మోడల్‌కి చరిత కూడా దాన్నే ఎంచుకుంది. క్లాసు నుంచి ఎగ్జిబిషన్‌కి వెళ్ళేది ఒక్క మోడలే.

"ప్రపంచంలో ఇన్ని మీనార్లుండగా నాదే దొరికిందా నీకు?"

"నీదా? మీ తాత కట్టించిండా ఏంది?" అని పకపకా నవ్వింది చరిత.

ప్రొఫెసర్ మోడల్స్ చూసి ఒకటి ఎంచే రివ్యూ రోజు పొద్దున స్టేషన్లో ఆమె మోడల్ చూడగానే కిరీటికి కడుపు భగ్గుమంది. తనది లేజర్ కట్టర్ కోసిన అట్ట. ఆమెది మట్టి. ఒక్కో ఇటుకా చేత్తో అద్దింది!

"పైది ఊగుతున్నట్టుంది రా. లోపల కర్ర పెట్టలే, గమ్‌తోనే అతికించిన. ఆగుతదంటావా?"

ఆగదు. అది కిరీటికి చూడగానే తెలిసిపోయింది. అతని బ్యాగులో కర్రముక్కలున్నాయి, జిగురుంది, రైలు రావడానికి బోలెడు టైముంది.

"ఆగుతుంది, బ్రహ్మాండంగా ఆగుతుంది," అన్నాడు.

రైలు బ్రేకు వేసిన మొదటి కుదుపుకే పై భాగం ఊడి చరిత ఒళ్ళో పడింది. ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యయ్యో!" అన్నాడు కిరీటి. లోపల మాత్రం పండగే.

ఆ పండగ రివ్యూ దాకానే. చరిత విరిగిన ముక్కను నక్షత్రం పక్కనే పడుకోబెట్టి, "భూకంపం తర్వాత" అని ఓ కార్డు రాసి పెట్టేసింది. ప్రొఫెసర్ మేడమ్ ఆ విరిగిన అంచు మీదికి వంగి అక్కడే నిలబడిపోయింది. క్లాసంతా అటే మూగింది. కిరీటి మీనార్ మాత్రం ఓ మూల ఒక్క గీతైనా పడకుండా, పలకరించే దిక్కు లేకుండా నిలబడింది.

ఎంపికైంది చరితదే.

విరిగినా అదేనా అని కిరీటి పళ్ళు నూరుకుంటుంటే చరిత చెయ్యెత్తింది. ఈ స్తంభం చరిత్రంతా తనకు చెప్పింది కిరీటేననీ, ఎగ్జిబిషన్ బోర్డు మీద అతని పేరు కూడా వేయాలనీ మేడమ్‌తో అంది. అందరూ చప్పట్లు కొట్టారు. కనీసం తిట్టుకోవడానికైనా చోటివ్వని ఆ మంచితనం చూసి కిరీటికి ఇంకాస్త కుళ్ళు పుట్టింది.

"హ్యాపీనా?" అంది చరిత.

"ఆఁ, హ్యాపీనే," అన్నాడు. ఇక ఉండబట్టలేక అడిగేశాడు: "పేర్లు రెండూ ఒకే సైజులో వేస్తారు కదా?"