జడ వేసే బ్లాగు

షిఫ్టు బస్సు రాకముందే అమల ఆనాటి బ్లాగు రాసేది. రేణిగుంటలో ఫోను చార్జర్లు చేసే ఫ్యాక్టరీ వాళ్ల ఆడవాళ్ల హాస్టల్లో పై మంచం ఆమెది. దిండుకు ఆనుకుని, లాగిన్ అయి, నాలుగు మాటలు రాసేది. పాలు తాగిపో. మబ్బుగా ఉంటే గొడుగు మరవద్దు. లెక్కలంటే భయపడొద్దు. రాసింది రెండోసారి చదువుకుని, తప్పేమీ లేదనిపించాక, అరచేతులు రెండూ ఫోను మీద కాసేపు ఆనించి పెట్టేది.

బళ్లారిలో అక్క తాయమ్మ ఇంట్లో ఉన్న కూతురు ఎస్తేరు, మొహం కడుక్కుని ఆ బ్లాగు తెరిచేది. అందులోంచి అమల చేతులు మణికట్ల దాకా వచ్చి, పిల్లకు రెండు జడలు వేసి, రిబ్బన్లు మడిచి కట్టి వెళ్లిపోయేవి. తాయమ్మ దువ్వెన, కొబ్బరినూనె అక్కడ పెట్టి తన డ్యూటీకి సర్దుకునేది. పక్కింటావిడ తొంగిచూసి, మీ చెల్లెలు పాపిడి భలే నేరుగా తీస్తుందని మెచ్చుకునేది.

మొగుడు పోయాక అమలకు దొరికింది ఈ పని. హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు. విడిగా ఒక గది చూసుకుని, రాత్రి షిఫ్టులు లేకుండా పగటి షిఫ్టుకే మారి, ఎస్తేరును తెచ్చుకునే దాకా పిల్ల తనకు కాకుండా పోకూడదు. ఆమెకున్నది ఆ ఒక్క భయం.

చిక్కల్లా బ్లాగు నిదానంతో వచ్చింది. అది షేర్డ్ హోస్టింగ్. తిరుపతి లాడ్జీలవీ ట్రావెల్స్ వాళ్లవీ సైట్లన్నీ అదే సర్వర్లో ఉండేవి. కొండ మీద రద్దీ పెరిగిందంటే గదుల కోసం జనమంతా వాటి మీద పడేవాళ్లు. ఆ రోజుల్లో బళ్లారిలో ఫోను మీద చక్రం తిరుగుతూనే ఉండేది. ఒక్కోసారి వేళ్లు మాత్రమే వచ్చేవి. ఒక్కోసారి ఒక జడ అయ్యేసరికి బడి వ్యాను హారన్ కొట్టేది. సగం తల విరబోసుకుని బడికి పోయిన రోజు టీచరు ఎస్తేరును బయట నిలబెట్టింది.

తాయమ్మ ఫోను చేసింది. "మే అమలా, నీ చేతులొచ్చేలోపల నా తల నెరుస్తాది. పిల్లకు క్రాపు కొట్టించేస్తా, పీడా పోతుంది."

క్రాపు కొట్టిస్తే ఇక చేతులు వచ్చి ఏం చేస్తాయి? సెలవు రోజున అమల తిరుపతి వెళ్లింది. బస్టాండు ఎదురు సందులో సైట్లు పెట్టిచ్చే భానుచందర్ ఆమె చెప్పిందంతా విని, ఇది మామూలే అన్నాడు.

"ఇప్పుడు నీ బ్లాగు దోసెల అంగడి మాదిరి ఉండాదక్కా. మనిషి వస్తేగానీ పెనం మీద పిండి పోయదు. మనం ఇడ్లీ మాదిరి చేద్దాం. ఒక వాయి తీసి పెట్టేస్తే, వచ్చినోళ్లకు వచ్చినట్టే ఇచ్చేయొచ్చు. క్యాషింగ్ అంటారు దీన్ని."

"ఆలస్యం కాదు కదన్నా?"

"ఇట్ల తెరిస్తే అట్ల వస్తాది. ఎన్నాళ్లు ఉంచాల ఆ వాయిని?"

"ఎంత ఎక్కువ కుదిరితే అంత పెట్టన్నా."

కొత్తది రాసినప్పుడల్లా పాత కాపీని తుడిచేయమని ఒక మీట చూపించాడు. తుడిచేయి అనే మాటే అమలకు నచ్చలేదు. పాతది చెరిగి కొత్తది రాకపోతే ఆ పూట పిల్లకు చేతులే ఉండవు. అందుకని ఆ మీట జోలికి పోకుండా, రోజూ రాసింది వచ్చిందా లేదా అని తన ఫోనులోనే తెరిచి చూసుకునేది. ప్రతిరోజూ కొత్తదే కనబడేది.

ఆ తర్వాత ఎస్తేరు కోసం వ్యాను ఎప్పుడూ ఆగాల్సి రాలేదు. జడలు బిగువుగా పడతా ఉండాయని తాయమ్మ చెప్పింది. చేతులు వస్తున్నప్పుడు ఇంకా ఫోనులెందుకని మాటలు తగ్గాయి. ఎప్పుడైనా చేసినా ఎస్తేరు ఊఁ అనడమే.

చలికాలంలో మిషను కింద పడి అమల కుడి చూపుడు వేలు సగం తెగింది. పిల్ల జడుసుకుంటుందని ముందుగానే బ్లాగులో నెమ్మదిగా రాసింది. వేలు కొంచెం పోయింది, నొప్పి లేదు, జడ వదులైతే కోప్పడొద్దు. భయపడినావా పాపా అని ఫోనులో అడిగితే ఎస్తేరు మాట్లాడలేదు. భయపడే ఉంటుందని అమల మళ్లీ ఆ ఊసెత్తలేదు. జడలు మాత్రం ఎప్పటిలాగే బిగువుగా ఉన్నాయని తాయమ్మ అంది. సగం వేలుతో కూడా అంత బాగా వేస్తున్నానని అమల లోలోపల గర్వపడింది.

ఎండాకాలం ముందర గది దొరికింది. పగటి షిఫ్టు ఇచ్చారు. బడిలో సీటు కూడా చూసుకుని, తెల్లారి వస్తున్నానని బ్లాగులో రాసి, అమల బళ్లారి బస్సెక్కింది.

తలుపు తీసిన ఎస్తేరు అమ్మను చూసి అక్కడే నిలబడిపోయింది.

"నిన్ననే రాస్తి కదా పాపా, వస్తా ఉండానని. సూడలేదా?"

"నువ్వు రోజూ రాసేది అదే కదా," అంది ఎస్తేరు.

"ఏమని?"

"వచ్చే నెల వస్తానని."

అమల తన ఫోను తీసి చూపించింది. ఎస్తేరు పెద్దమ్మ ఫోను తెచ్చి పక్కన పెట్టింది. అందులో ఏడాది కిందటి మాటలున్నాయి. పాలు తాగిపో, సెలవు అడిగినా, వచ్చే నెల వస్తా. రాసిన మనిషి కాబట్టి అమలకు బ్లాగు ఎప్పటికప్పుడు కొత్తది చూపించింది. మిగతా లోకానికి ఆ మొదటి వాయే వడ్డించింది. ఏడాదిగా పిల్ల చదివింది ఆ ఒక్క అబద్ధమే. పిల్ల ఎదిగినా ఆ చేతులు పాత ఎత్తుకే వస్తుంటే, ఎస్తేరు నేల మీద కూర్చుని తల వంచడం నేర్చుకుంది.

"ఈ పొద్దు నేనే వేస్తా, రా," అని అమల దువ్వెన తీసుకుంది.

మూడో పాయ సగం వేలి కింద నిలవలేదు. బిగించే కొద్దీ జారింది. ఎస్తేరు వెనక్కి తిరిగి ఆ వేలు చూసి, ఏమైందని మెల్లగా అడిగింది. రాసినా కదా అనబోయి అమల జారిన పాయను మళ్లీ అందుకుంది. వ్యాను హారన్ వినబడింది. ఎస్తేరు బ్లాగు తెరిచి నేల మీద కూర్చుంది. నిండుగా పది వేళ్లున్న చేతులు వచ్చి, అమల వేసిన జడ విప్పి, కొత్తగా అల్లి వెళ్లిపోయాయి.

సాయంత్రం అమల గది గురించి, బడి గురించి చెప్పింది. ఎస్తేరు అంతా విని, ఆడికి వస్తే ఈ చేతులు వస్తాయా అని అడిగింది.

"నేనే ఉంటాను కదా పాపా. వాటితో పనేముంది?"

"అయితే నేను రాను. అవి నన్ను ఒక్క రోజు కూడా ఇడిసిపెట్టలేదు."

ఆ పాతది తుడిచేయి మే, నాలుగు దినాలు ఏడ్చి ఊరుకుంటాదని తాయమ్మ చాటుగా చెప్పింది. అమల లాగిన్ అయి ఆ మీట దాకా వెళ్లింది. నొక్కితే రేపట్నుంచి వచ్చేవి సగం వేలున్న ఈ చేతులే. జడ జారుతుంది. పిల్లకు అవీ ఉండవు, ఇవీ పట్టవు. నొక్కలేదు. మర్నాడు ఒక్కతే బస్సెక్కింది.

రేణిగుంటలో కొత్త గదిలో తెల్లవారింది. అమల ఏమీ రాయలేదు. లాగౌట్ అయి, బయటివాళ్లు తెరిచినట్టు తన బ్లాగు తెరిచింది. చక్రం తిరగలేదు. చేతులు వెంటనే వచ్చాయి, చిన్నపిల్ల ఎత్తుకు. అవి అందేలా ఆమె నేల మీద కూర్చుని తల బాగా వంచింది.